ఎల్క్ మంద ఎంత ఉండాలి, ఎవరు చెప్పాలి?

(డెన్వర్ పరిసరాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నమస్కారమండీ. బయట ఇంత చక్కటి ఎండ వదులుకుని ఆదివారం మధ్యాహ్నం పూట ఇక్కడికి వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. పిల్లలు కూడా వచ్చారు, ఇంకా సంతోషం.

ఈ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళల్లో సెప్టెంబర్ నెలాఖరుకి కొండల్లోని ఎస్టెస్ పార్క్ ఊరికి వెళ్ళని ఇల్లు అరుదు. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే తప్పకుండా తీసుకెళ్తాం. ఊరి మధ్య గోల్ఫ్ మైదానంలో ఆడ ఎల్క్‌లు, అంటే పెద్ద జాతి జింకలు, మేస్తుంటాయి. మూడు వందల కిలోల మగది వాటి చుట్టూ తిరుగుతూ, మెడ చాచి, ఈల వేసినట్టు కూస్తుంటుంది. మనం ఫోన్లు తీసి వీడియోలు పట్టుకుంటాం. ఆ తర్వాత కొద్ది వారాలకే, పక్కనున్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు సరిహద్దు దాటిన చోట, అదే ఎల్క్‌ల మీద రైఫిల్ సీజన్ మొదలవుతుంది. లైసెన్సు అమ్మేది రాష్ట్ర వన్యప్రాణి శాఖే, కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్. జంతువుల్ని కాపాడాల్సిన శాఖ వాటిని చంపడానికి చీటీ ఎలా రాసిస్తుంది అని నన్ను అడగని తెలుగువాళ్ళు లేరు. ఇండియాలో వేటను దాదాపుగా నిషేధించిన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగినవాళ్ళం, ఆ ప్రశ్న రావడం న్యాయమే. ఇవాళ దానికే జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ ఎల్క్‌లు ఒకప్పుడు ఇక్కడ దాదాపు లేకుండా పోయాయి. పందొమ్మిదో శతాబ్దం చివర గనుల్లో పనిచేసేవాళ్ళకీ, పట్టణాల్లో మాంసం అంగళ్ళకీ వీటిని లెక్కాపత్రం లేకుండా వేటాడారు. 1900 తర్వాత కొలరాడో మొత్తంలో మిగిలినవి వెయ్యి లోపే అని అంచనా. 1903లో వేట నిలిపేశారు. మళ్ళీ 1929 దాకా తెరవలేదు. ఆ మధ్యలో వయోమింగ్ నుంచి రైళ్ళలో తెచ్చి వదిలారు. ఎస్టెస్ పార్క్‌లో మనం చూసే మంద మూలం కూడా అదే: 1913, 1914లలో ఎల్లోస్టోన్ నుంచి తెచ్చిన 49 జంతువులు. ఇవాళ రాష్ట్రంలో మూడు లక్షలకు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు.

ఇది దానంతట అది జరగలేదు, డబ్బు పెడితే జరిగింది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం ఎక్సైజు సుంకం వేసి, ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. ముఖ్యమైన షరతు: వేట లైసెన్సుల మీద వచ్చిన రూకను రాష్ట్రం రోడ్లకో బడులకో మళ్ళించకూడదు. ఆ శాఖకే ఖర్చుపెట్టాలి. అందుకే ఇక్కడ వన్యప్రాణి శాఖ బతికేది ప్రధానంగా వేటగాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళూ కట్టే డబ్బుతో. అందులోనూ బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్ళు ఎల్క్ లైసెన్సుకి స్థానికుడు కట్టేదానికి పది రెట్లకు పైనే కడతారు. దీనివల్ల మంచి జరిగింది, చిక్కులూ వచ్చాయి. చిక్కుల గురించి తర్వాత చెప్తాను.

ఇప్పుడు పని ఎలా నడుస్తుందో చూద్దాం. రాష్ట్రాన్ని వేట కోసం చిన్న చిన్న యూనిట్లుగా విభజించారు. ఒక్కోదానికి ఒక నంబరు. ఎస్టెస్ పార్క్ ఉన్నది 20వ యూనిట్. కానీ ఎల్క్‌కి ఈ గీతలు తెలియవు కదా. ఎండాకాలం కొండ పైన గడ్డిలో ఉంటుంది, మంచు పడ్డాక లోయలోకి దిగుతుంది. అందుకని ఒక మంద ఏడాది పొడుగునా తిరిగే ప్రాంతమంతా కలిపి, కొన్ని యూనిట్లను ఒక కట్టగా కడతారు. ప్రణాళిక మందకి, లైసెన్సు యూనిట్‌కి. మీకర్ ఊరి చుట్టూ ఉన్న వైట్ రివర్ మంద అలాంటిదే, దేశంలోకెల్లా పెద్ద ఎల్క్ మందగా దానికి పేరు.

మందను ఎలా లెక్కపెడతారు అంటే, నిజానికి లెక్కపెట్టరు. మూడు లక్షల జంతువుల్ని అడవిలో ఎవరు లెక్కపెట్టగలరు? చేసేది ఏమిటంటే, వేట సీజన్లు అయిపోయాక, డిసెంబర్, జనవరిలలో, నేల మీద మంచు ఉన్నప్పుడు హెలికాప్టర్లో ఎగురుతారు. తెల్లటి మంచు మీద గోధుమ రంగు వీపులు బాగా కనిపిస్తాయి. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకి ఒకటే పని. మంద పరుగు తీస్తుండగా ఆడవి ఎన్ని, దూడలు ఎన్ని, ఏడాది వయసు మగవి ఎన్ని, ముదురు మగవి ఎన్ని అని విడదీసి చెప్పాలి. దూడ మూతి పొట్టిగా ఉంటుంది. ఏడాది మగదానికి చాలావరకు పలవలు లేని ఒంటి కొమ్ములు ఉంటాయి. తలుపు సందుల్లోంచి చలిగాలి కోస్తుంటుంది, హెలికాప్టర్ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంటుంది, కళ్ళు మాత్రం కిందే ఉండాలి. ముదురు మగవి చలికాలంలో ఆడవాటితో కలవవు. పైన లోతు మంచులో రెండూ మూడూగా విడిగా ఉంటాయి. కాబట్టి మగవాటి లెక్క ఎప్పుడూ కొంత తక్కువే వస్తుందని జీవశాస్త్రవేత్తలకి తెలుసు.

ఈ విమాన లెక్క నుంచి రెండు నిష్పత్తులు వస్తాయి. వంద ఆడవాటికి దూడలు ఎన్ని, వంద ఆడవాటికి మగవి ఎన్ని. వందకి యాభై దాకా దూడలు ఉంటే మంద ఏపుగా ఉన్నట్టు. ముప్పై కిందికి వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. నైరుతి కొలరాడోలో కొన్నేళ్ళుగా ఈ అంకె పడిపోతుంటే, అప్పుడే పుట్టిన దూడల మెడకి సిగ్నల్ పంపే కాలర్లు కట్టి, ఏది ఎప్పుడు ఎందుకు చచ్చిపోతోందో చూశారు. ఈ నిష్పత్తులకి తోడు, సీజన్ అయ్యాక వేటగాళ్ళకి ఫోన్లు చేసి, ఈమెయిళ్ళు పంపి, దొరికిందా, ఏది దొరికింది, ఎన్ని రోజులు తిరిగారు అని అడుగుతారు. ఏమీ దొరకనివాళ్ళ జవాబు కూడా అంతే ముఖ్యం. అన్నట్టు, ఎల్క్ వేటకి వెళ్ళినవాళ్ళలో నూటికి ఇరవై మందికి అటూ ఇటూగానే దొరుకుతుంది. మిగతావాళ్ళు కాళ్ళునొప్పులతో ఇంటికి వెళ్ళిపోతారు. ఇవన్నీ ఒక గణిత నమూనాలో వేస్తే మంద ఎంత ఉంటుందో అంచనా వస్తుంది.

ఇంతవరకు శాస్త్రం. ఇక అసలు సంగతి: మంద ఎంత ఉంది అనేది శాస్త్రం చెప్తుంది. ఎంత ఉండాలి అనేది శాస్త్రం చెప్పదు.

ఒక లోయలో పదివేల ఎల్క్‌లు బతకగలవు అనుకోండి. కానీ అక్కడ రైతులు ఆరువేలకే తట్టుకోలేరు. ఎందుకంటే చలికాలంలో ఎల్క్‌లు దిగేది వాళ్ళ పశువుల మేత మీదికి. రాత్రికి రాత్రి గడ్డివాముల మీద పడతాయి, కంచెలు తెంపుతాయి. మన ఊళ్ళల్లో అడవిపందులు వేరుశనగ చేలో పడితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో ఇక్కడ చాలామందికి తెలుసు. కొలరాడో చట్టం ప్రకారం ఆ నష్టానికి రాష్ట్రం పరిహారం కట్టాలి. అయినా ఓపికకి ఒక హద్దు ఉంటుంది. మరోవైపు వేటగాళ్ళు మంద ఇంకా పెరగాలంటారు. హోటళ్ళవాళ్ళూ అదే అంటారు, నవంబర్లో మీకర్‌లో గదులు నిండేది వేటగాళ్ళతోనే. వీళ్ళందరినీ కూర్చోబెట్టి, రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకుని, ఈ మంద ఇన్ని వేల నుంచి ఇన్ని వేల మధ్య ఉండాలి అని ఒక లక్ష్యం రాసుకుంటారు. దాదాపు పదేళ్ళకోసారి దాన్ని తిరగరాస్తారు. ఆ అంకె ఒక ఒప్పందం. నా దృష్టిలో ఈ శాఖ చేసే పనుల్లో అన్నిటికంటే కష్టమైనదీ, విలువైనదీ అదే.

లక్ష్యం ఖాయమయ్యాక దాన్ని చేరుకునే సాధనం ఆడ ఎల్క్‌ల లైసెన్సు.

(సభలో ఒక పెద్దావిడ: బాబూ, ఆడవాటిని చంపడమేమిటి? మగవాటితో సరిపెట్టుకోవచ్చు కదా. జత కట్టే వేళ లేడిని కొట్టినందుకే కదా పాండురాజుకి శాపం తగిలింది.)

మంచి ప్రశ్న అమ్మా. ఈ మాట ఇవాళ ఎవరో ఒకరు అడగాలనే కోరుకున్నాను. రెండు భాగాలుగా చెప్తాను.

పాండురాజు సంగతి ముందు. ఎల్క్‌లు జత కట్టేది సెప్టెంబర్లో, అక్టోబర్ మొదట్లో. అప్పుడు మగదానికి ఒళ్ళు తెలియదు. ఎవరైనా ఆడ ఎల్క్‌లా కూత పెడితే నేరుగా మీదికి వచ్చేస్తుంది. అలాంటప్పుడు దూరం నుంచి కొట్టగల రైఫిళ్ళతో జనాన్ని వదిలితే ముదురు మగవి మిగలవు. అందుకే కొలరాడోలో దాదాపు అంతటా సెప్టెంబర్లో విల్లు, లేదంటే గొట్టంలో మందు దట్టించి కాల్చే పాతకాలపు తుపాకీ, ఈ రెండింటికే అనుమతి. వాటితో కొట్టాలంటే బాగా దగ్గరికి వెళ్ళాలి, చాలామందికి దొరకదు. మామూలు రైఫిల్ సీజన్లు అక్టోబర్ మధ్యలో మొదలై నవంబర్ దాకా నాలుగు విడతలుగా నడుస్తాయి. జనాన్ని ఒకేసారి అడవిలోకి తోలకుండా పంచడానికే ఆ విడతలు. 1986 నుంచి ఇంకో నియమం కూడా ఉంది: రాష్ట్రంలో చాలా చోట్ల మగదాన్ని కొట్టాలంటే ఒక కొమ్ముకి నాలుగు కొసలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గరి పలవ ఐదు అంగుళాలైనా ఉండాలి. అంటే ఏడాది వయసు కుర్ర మగదాన్ని ముట్టుకోకూడదు. అంతకుముందు ఎదిగిన మగవి కనిపించడమే గగనమైపోయింది. ఈ నియమం తర్వాత వాటి సంఖ్య మళ్ళీ కోలుకుంది.

ఇక ఆడవాటి సంగతి. ఒక మగ ఎల్క్ ఒక సీజన్లో చాలా ఆడవాటితో జత కడుతుంది. మగవాటిలో సగం పోయినా వచ్చే జూన్‌లో పుట్టే దూడల లెక్క పెద్దగా మారదు. మంద పెరగడమైనా తగ్గడమైనా ఆడవాటి చేతిలోనే ఉంది. మగవాటినే వేటాడి ఊరుకుంటే మంద పెరుగుతూనే పోతుంది, అడవిలో మాత్రం మగవి కరువవుతాయి. నవంబర్లో కొట్టిన ఆడది చాలాసార్లు కడుపుతోనే ఉంటుంది. అది మనసుకి కష్టంగా ఉండే మాటే, తేలిక చేసి చెప్పను. ఆడ ఎల్క్‌ని కోసిన వేటగాళ్ళు మాట్లాడకుండా కాసేపు పక్కన కూర్చోవడం నేను చూశాను. కానీ ఆ లైసెన్సులు లేకపోతే ఏమవుతుందో పక్కనే ఉన్న రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో చూశాం.

అక్కడ వేట లేదు. తోడేళ్ళను వందేళ్ళ కిందటే చంపేశారు. 1990ల చివరికి చలికాలపు ఎల్క్‌లు మూడు వేల దాకా చేరాయి. అవి కదలకుండా ఒకచోటే మేస్తుంటే విల్లో పొదలు మోకాలెత్తు దాటలేదు, ఆస్పెన్ మొక్కలు చెట్లు కాలేదు, విల్లో లేక బీవర్లనే జంతువులు పోయాయి, బీవర్లు కట్టే ఆనకట్టలు లేక వాగుల పక్కన తడి నేలలు ఎండాయి. చివరికి 2007లో పార్కు ఒక ప్రణాళిక రాసింది. కంచెలు కట్టి పొదల్ని కాపాడటం ఒకటి. శిక్షణ ఇచ్చిన వాలంటీర్లతో, పార్కు సిబ్బంది పర్యవేక్షణలో కొన్ని ఆడ ఎల్క్‌లను కాల్చడం ఇంకొకటి. 2009 నుంచి కొన్ని చలికాలాలు అది జరిగింది. పరీక్షలో జబ్బు లేదని తేలిన మాంసాన్ని లాటరీ తీసి జనానికి పంచారు. వేట లేని పార్కులో కూడా ఆ పని చేయక తప్పలేదమ్మా.

మాంసం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఇక్కడ తినదగ్గ మాంసాన్ని వదిలేసి రావడం నేరం. కొమ్ముల కోసం చంపి ఒళ్ళు అక్కడే పారేస్తే పెద్ద నేరం కింద జైలు శిక్ష పడొచ్చు. నాలుగు కాళ్ళ మాంసం, వెన్ను మాంసం మోసుకు రావాల్సిందే. కొండ మీద ఒక్క వెనక తొడే పాతిక కిలోల పైన తూగుతుంది. ఆడదో మగదో తెలిసే ఆనవాలు మాంసానికి అంటుకునే ఉండాలి, దారిలో ఆఫీసర్ ఆపితే చూపించాలి.

లైసెన్సు ఎలా వస్తుంది అంటే, చాలా యూనిట్లకి లాటరీ. ఏప్రిల్ మొదట్లో దరఖాస్తు చేయాలి. రాకపోతే ఒక ప్రిఫరెన్స్ పాయింట్ ఇస్తారు, ఏడాదికి ఒకటే. పేరున్న యూనిట్లకి, వాయవ్యాన 2, 10, 201 లాంటి వాటికి, ఇరవైకి పైగా పాయింట్లు కావాలి. అంటే రెండు దశాబ్దాలకు పైగా ఏటా అడుగుతూనే ఉండాలి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఆసక్తి ఉంటే చెప్తున్నాను: 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి వేట శిక్షణ తరగతి పూర్తి చేయనిదే సాధారణంగా లైసెన్సు రాదు. రైఫిల్ సీజన్లో మెరిసే నారింజ లేదా గులాబీ రంగు 500 చదరపు అంగుళాలు ఒంటి మీద ఉండాలి. వేటకి కాకుండా నడకకి వెళ్ళే మనవాళ్ళు కూడా అక్టోబర్లో అలాంటి చొక్కా ఒకటి వేసుకోండి. చట్టం అడగదు, నేను అడుగుతున్నాను.

అంకెలన్నీ రాసుకున్నాక ప్రకృతి వచ్చి చెరిపేసిన సందర్భం ఒకటి చెప్తాను. 2022-23 చలికాలం. వాయవ్యాన క్రెయిగ్, మీకర్ ప్రాంతంలో మంచు మీద మంచు పడి, పైన గట్టి పొర కట్టింది. ఎల్క్ కాలి గిట్టతో మంచు తవ్వి కింద గడ్డి తింటుంది. ఆ పొర పగలకపోతే తిండి లేదు. మందలు హైవేల మీదికి, రైతుల గడ్డివాముల మీదికి వచ్చేశాయి. రోడ్ల నుంచి దూరంగా రప్పించడానికి అక్కడక్కడ గడ్డి వేయాల్సి వచ్చింది. దూడలు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. మే నెలలో ఈ శాఖకి నియమాలు రాసే కమిషన్ కూర్చుని ఆ మందల లైసెన్సులను బాగా కోసేసింది. ఊళ్ళకి ఆదాయం పోయింది, శాఖకి కూడా పోయింది. ఏళ్ళ తరబడి పాయింట్లు కూడబెట్టినవాళ్ళు బాధపడ్డారు. అయినా కోశారు. డబ్బు కోసమే వేట నడుపుతారు అనేవాళ్ళకి ఆ ఏడాది గుర్తుచేయాలనిపిస్తుంది నాకు.

అలాంటప్పుడు ఏటా గడ్డి వేసి కాపాడొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. వయోమింగ్ ఆ పని చేస్తోంది. పశ్చిమ వయోమింగ్‌లో రాష్ట్రం నడిపే మేత కేంద్రాలు ఇరవైకి పైగా ఉన్నాయి. జాక్సన్ పక్కన 1912లో పెట్టిన నేషనల్ ఎల్క్ రెఫ్యూజ్ వాటికి అదనం. చలికాలమంతా ఎండుగడ్డి వేస్తారు. ఆకలి చావులు తగ్గాయి, రైతుల గడ్డి మిగిలింది. కానీ వేల జంతువులు మూతికి మూతి ఆనించి తింటుంటే బ్రూసెల్లోసిస్ అనే అంటుజబ్బు పోకుండా పాతుకుపోయింది. ఇప్పుడు అంతకంటే పెద్ద భయం వచ్చింది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బు, మెదడు గుల్లయిపోయి, చిక్కి శల్యమై చచ్చిపోయే జబ్బు. 1967లో మొదట కనిపించింది మన ఫోర్ట్ కాలిన్స్‌లోనే, పెంచుతున్న మ్యూల్ జింకల్లో. 1981లో అడవి ఎల్క్‌లో దొరికింది. దానికి మందు లేదు, టీకా లేదు. దాన్ని తెచ్చే ప్రియాన్లు, అంటే వికృతమైన ప్రోటీన్లు, మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. 2024-25 చలికాలంలో అది వయోమింగ్ మేత కేంద్రాల్లోనే బయటపడింది. మేత ఆపితే ఎల్క్‌లు రైతుల మీద పడతాయి, ఆపకపోతే జబ్బున పడతాయి. అక్కడి అధికారుల స్థానంలో ఉండాలని నేను కోరుకోను. కొలరాడో అయితే ఈ జబ్బు కోసం కొన్ని యూనిట్లలో వేటగాళ్ళు కొట్టిన జంతువు తలను పరీక్షకి ఇవ్వాలని నియమం పెడుతుంది. వేటగాళ్ళు లేకుండా అన్ని వేల నమూనాలు ఏ శాఖా సేకరించలేదు.

చిక్కులు చెప్తానన్నాను. అన్నిటికంటే పెద్దది భూమి. ఎల్క్ తెలివైన జంతువు. సీజన్ మొదలై నాలుగు తుపాకులు పేలగానే, కొన్నిసార్లు అంతకుముందే, వేట లేని ప్రైవేటు రాంచ్‌లోకి, అంటే పశువుల్ని మేపే పెద్ద సొంత భూమిలోకి, వెళ్ళిపోతుంది. మోంటానాలో ఇది మరీ ఎక్కువ. వేలాది ఎకరాలు కొన్న యజమానులు వేటకి గేటు తీయరు. మంద లక్ష్యం దాటిపోతుంది. పక్క రైతు గడ్డి పోతుంది. పక్కనే ప్రభుత్వ భూమిలో వేటగాడికి ఒక్కటీ కనిపించదు. ప్రైవేటు భూమికి మాత్రమే చెల్లే ఆడ ఎల్క్ లైసెన్సులని, సీజన్ ముందూ వెనకా పొడిగింపులని రాష్ట్రాలు రకరకాలుగా ప్రయత్నిస్తున్నాయి. గేటు తాళం యజమాని చేతిలో ఉన్నంతకాలం ఏ లైసెన్సూ పూర్తిగా పనిచేయదు. రెండో చిక్కు, శాఖని పోషించేది వేటగాళ్ళు కావడంతో వాళ్ళ గొంతే పెద్దగా వినిపించడం. ఎస్టెస్ పార్క్‌లో వీడియోలు తీసే మనం ఈ ఎల్క్‌ల కోసం దాదాపు ఏమీ కట్టడం లేదు. ఇది సరి కాదని నా గట్టి అభిప్రాయం.

(సభలో ఒకరు: వేటాడనివాళ్ళం చెప్తే వింటారా?)

వింటారండి. 2020లో తోడేళ్ళను తిరిగి తేవాలా అని ఓటింగ్ పెడితే అతి స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది, అందులో డెన్వర్, బౌల్డర్ ఓట్లే ఎక్కువ. 2023 డిసెంబర్లో ఒరెగాన్ నుంచి తెచ్చిన పది తోడేళ్ళను వదిలారు. పశ్చిమాన ఉన్న రైతులకు అది మింగుడు పడలేదు, వాళ్ళ కోపంలోనూ న్యాయం ఉంది. ఓటుతో ఒక్కసారిగా గెలవడం కంటే ప్రణాళిక రాసేటప్పుడే వెళ్ళి కూర్చోవడం మేలని నేనంటాను. కమిషన్‌లో గవర్నర్ నియమించిన పదకొండు మంది ఓటుహక్కు సభ్యులుంటారు, వేటగాళ్ళు, రైతులు, ఆరుబయట వినోదం కోరేవాళ్ళు, అందరి తరఫునా. సమావేశాలు బహిరంగం, ఇంట్లో కూర్చుని చూడొచ్చు, మాట్లాడటానికి పేరు ఇవ్వొచ్చు. మంద ప్రణాళిక ముసాయిదా పెట్టినప్పుడు ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు. రాసేటప్పుడు ఊరికే ‘చంపొద్దు’ అని రాస్తే పక్కన పెడతారు. ఏ మంద, అంకె ఎంత ఉండాలనుకుంటున్నారు, ఆ ఎల్క్‌లు చలికాలం ఎవరి పొలంలో మేస్తాయి, ఆ రైతుకి ఏం చేయాలి, ఇవి రాయండి. ముసాయిదా చదవడానికి కష్టంగా ఉంటే టీ తాగేటప్పుడు నా దగ్గరికి రండి, కలిసి చదువుదాం.

ఇంకొక్కటి, ఇది కాలేజీ పిల్లలకి. కొండల్లో రాలిన కొమ్ములు ఏరడం మీకు సరదా అని విన్నాను. ఐ-25 హైవేకి పడమర ప్రభుత్వ భూముల్లో జనవరి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా అది నిషేధం. చలికాలం చివర్లో ఎల్క్ ఒంట్లో మిగిలిన కొవ్వుతోనే బతుకుతుంటుంది, కడుపులో దూడ కూడా ఉంటుంది. మిమ్మల్ని చూసి అది పరిగెత్తిన ప్రతిసారీ ఆ కొవ్వు కరుగుతుంది. మే నెలలో వెళ్ళండి, కొమ్ములు అక్కడే ఉంటాయి.